పదకొండో రోజున ఆర్పని దీపం

పొద్దు 196. పగలు 13 గంటల 36 నిమిషాలు.

ఉదయం 5.12కి పగటి దీపాలు వెలిగించాను, సాయంత్రం 6.48కి ఆర్పాను. నిన్నటికంటే పగలు నిమిషంన్నర తగ్గింది. ఇదంతా గోడకు వేలాడే లెక్కల పుస్తకంలో రాసేశాను. ఇప్పుడు రాస్తున్నది మాత్రం నా సొంత పుస్తకం, ఎవరూ చూడరు కాబట్టి ఇందులో కాస్త గొప్పలు చెప్పుకున్నా ఫరవాలేదు. పదహారేళ్లుగా ఈ మూడో బావిలో, అంటే నేల కింద మేం కాపురముండే పాత బొగ్గు గనిలో, పొద్దు పొడవడం, కుంకడం నా చేతి మీదే నడుస్తున్నాయి. ఒక్కరోజు కూడా ఒక్క నిమిషం తేడా రానివ్వలేదు.

ఇవాళ భాగ్య చేత తప్పు ఒప్పించాను. పాలు పిండే నలుగురిలో ఆమె ఒకతి, ఏడు నెలల పిల్ల తల్లి. నిన్న దీపాలు ఆర్పాక కొట్టంలో ఉగ్గుగిన్నె మరిచిపోయానని టార్చి పట్టుకుని లోపలికి పోయింది. నేను తలుపు దగ్గరే దొరకబుచ్చుకున్నాను.

"అయిదు నిమిషాలే గద కాకా, పిల్ల ఏడుస్తుంటె..." అంది.

ఆ అయిదు నిమిషాలు ఏం చేస్తాయో అందరి ముందూ మళ్లీ చెప్పాను. గేదెకు క్యాలెండరు తెలియదు. చీకటి పడగానే దాని మెదడులో ఉండే శనగగింజంత గ్రంథి మెలటోనిన్ వదులుతుంది. మా బావిలో దాన్ని చీకటి రసం అంటాం. రాత్రి ఎంత పొడుగైతే అది అంతసేపు రక్తంలో తిరుగుతుంది. రోజురోజుకూ ఎక్కువసేపు తిరుగుతుంటే చలికాలం వస్తోందని ఒంటికి తెలుస్తుంది, లోపల తక్కిన హార్మోన్లు మేలుకుంటాయి, గేదె ఎదకు వస్తుంది. రాత్రి నడుమ వెలుతురు పడిందా, రసం ఆగిపోతుంది. ఒంటి లెక్క తప్పుతుంది. ఎద లేకపోతే దూడ లేదు, దూడ లేకపోతే పాలు లేవు. పై ఎండలోకి పోయి మేత మేసొచ్చే కాలం మా తాతలతోనే పోయింది.

రాత్రి విరిచినవాళ్లకు నేను పెట్టిన పద్ధతి ఒకటుంది. కొట్టంలో ఉన్న ముప్పై ఒక్క గేదెల దగ్గరికీ, దున్నపోతు దగ్గరికీ ఒక్కొక్కదాని దగ్గరికీ పోయి, నుదుటి మీద చెయ్యి పెట్టి, "నీ రాత్రి విరిచాను, తప్పయింది" అనాలి. అందరూ చూస్తుండగా అనాలి. భాగ్య ముప్పై రెండుసార్లూ అంది. చివరి నాలుగూ ఏడుస్తూ అంది.

ఇంటికొచ్చాక సుగుణ నాకు అన్నం పెట్టి, తను తినకుండా కూర్చుంది. ఏమైందని అడిగితే, "దీపాలు ఆర్పుడు నీ పని. మనుషుల మొఖాలు ఆర్పుడు కాదు," అంది. నా భార్య కూడా పాలు పిండే మనిషే. రోజూ సాయంత్రం కొట్టం తలుపు సందులో నుంచి వెలుతురు పోకుండా గోనెసంచి కుక్కేది ఆవిడే. చీకటి విషయంలో నాకంటే గట్టి మనిషి అయ్యుండి ఈ జాలి ఏమిటని నేనే విసుక్కున్నాను.

పొద్దు 206. పగలు 13 గంటల 21 నిమిషాలు.

నిన్న సుగుణ పోయింది.

ఉదయం పాలు పిండుతూ ఛాతీలో నొప్పి అందట. తౌడు బస్తా మీద కూర్చుందట, పక్కనే గోడ గూటికి తల ఆనించిందట. కబురొచ్చి నేను పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. చేతికి పాల నురగ ఇంకా ఆరలేదు. పాత సొరంగంలో పడుకోబెట్టి రాళ్లు పేర్చి వచ్చాం. మా రెండో కూతురు ముసలివాణ్ని నడిపించినట్టు నన్ను పట్టుకుని నడిపించింది.

ప్రాణం పోయిన చోట పదకొండు రోజులు దీపం ఉండాలి. ఇది మా ఇంట్లో ఎప్పుడూ తప్పలేదు. మా అమ్మకు పెట్టాం, నాన్నకు పెట్టాం. వాళ్లు ఇళ్లల్లో పోయారు. సుగుణ కొట్టంలో పోయింది.

గనివాళ్లు టోపీకి పెట్టుకునే పాత లైటులో నుంచి జొన్నగింజంత బల్బు తీసి, ఆ గూట్లో పెట్టి, ముందు గోనెగుడ్డ ముక్క వేలాడదీశాను. రాత్రి కొట్టానికి ఎవరూ రారు. తెల్లవారుజామున తలుపు తీసేది నేనే. పాలు పిండేవాళ్లు రాకముందే దాన్ని ఆర్పేస్తాను. వాళ్లు ఎర్ర దీపం కింద పిండుతారు, ఎరుపును గేదె పెద్దగా పట్టించుకోదు. నాది మాత్రం తెల్ల బల్బు. అయినా జొన్నగింజంతే కదా అనుకున్నాను.

గోడ పుస్తకంలో ఒక గడి ఉంది, కొట్టంలో రాత్రి వెలుతురు ఎంత అని. అందులో సున్నా రాశాను.

పొద్దు 217. పగలు 13 గంటల 4 నిమిషాలు.

నిన్నటికి పదకొండు. దినం చేశాం. సాయంత్రం దీపం తీసేద్దామని గూటి దగ్గరికి పోయి నిలబడ్డాను. చెయ్యి రాలేదు. ఆర్పితే ఆవిడ నిజంగానే పోయినట్టు అనిపించింది. రేపు తీద్దాంలే అనుకున్నాను.

సున్నా.

పొద్దు 228. పగలు 12 గంటల 48 నిమిషాలు.

రేపు తీద్దాం అనుకుని పదకొండు రోజులైంది. వెలుతురు కొలిచే మీటరు నా మెడలోనే ఉంటుంది. వంటగది పొయ్యి వెలుగు దగ్గర కూడా కొలిచే అలవాటు నాది. గూటి ముందు మాత్రం దాన్ని చొక్కా లోపలికి తోసేస్తున్నాను. కొలిస్తే తెలిసిపోతుంది, తెలిస్తే తీసేయాలి. అందుకని కొలవడం లేదు.

పొద్దు 252. పగలు 12 గంటల 12 నిమిషాలు.

కొమురవ్వ ఇవాళ నన్ను ఆపి అడిగింది. కొట్టానికి పెద్ద ఆవిడే, మేత, ఈత, కట్టు అన్నీ చూసుకుంటుంది. నాకంటే పదేళ్లు పెద్దది, నేను అక్కా అంటాను.

"ఓదెలు తమ్మీ, ఈ పాటికి బర్రెలకు బొచ్చు దట్టం కావాలె గద. చెయ్యి పెట్టి చూడు, ఎండకాలం లెక్కనే ఉన్నది. ఎదకొచ్చి ఒక్కటి గూడ అరుస్త లేదు. నీ దీపాలు సరిగ్గనే ఆరుతున్నయా?"

"నిమిషం తేడా లేదక్కా. పుస్తకం చూసుకో," అన్నాను.

అబద్ధం కాదు. పగటి దీపాల్లో నిమిషం తేడా లేదు. కానీ ఆ మాట అంటూ ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. నా పుస్తకం మీద ఆవిడకు ఎంత నమ్మకమంటే, చూడనైనా చూడలేదు.

పొద్దు 270. పగలు 11 గంటల 45 నిమిషాలు.

సభ పెట్టారు. బావి పెద్ద రాజేశం లెక్క చెప్పాడు. పోయినేడు ఇదే పొద్దుకు పందొమ్మిది గేదెలు ఎదకు వచ్చాయి. ఈసారి ఒక్కటీ రాలేదు. చీకటి కాలం ఇంకో డెబ్బై రోజులుంది. ఇలాగే దాటిపోతే వచ్చే ఏడు ఈతలుండవు. నాలుగు వందల మంది ఉన్న బావిలో పిల్లలకు పాలుండవు.

ఎవరో వెనక నుంచి, "సర్పంచ్ ముసలోడైండు. దున్నపోతు సక్కగుంటెనే బర్రెలకు సోయి వస్తది," అన్నారు.

సర్పంచ్ అంటే మా దున్నపోతు. మేత ముందు వాడికే వెయ్యాలి, దారిలో ఎవరు ఎదురొచ్చినా తప్పుకోవాలి, అందుకని ఆ పేరు. కొమురవ్వ చేతుల మీద పుట్టి, తల్లి చస్తే ఆవిడ సీసాతో పాలు పట్టి పెంచిన జీవి. ఆవిడకు పిల్లల్లేరు. ఎవరైనా అడిగితే నాకొక కొడుకున్నాడు, వాడికి కొమ్ములున్నాయి అని నవ్వేది. ఇవాళ నవ్వలేదు.

పొద్దు 276. పగలు 11 గంటల 36 నిమిషాలు.

తెల్లవారుజామున మచ్చల గేదె అరిచింది. ఎదకు వచ్చింది. అందరం సంబరపడ్డాం. సర్పంచ్‌ను తీసుకొచ్చి దాని దగ్గర వదిలారు. వాడు ఒకసారి వాసన చూసి, తల తిప్పుకుని, గడ్డివాము వైపు నడిచాడు. మూడుసార్లు తెచ్చారు. మూడుసార్లూ అంతే.

ఇంకేముంది, తప్పు దున్నపోతుదేనని తేలిపోయింది అన్నాడు రాజేశం. అయిదో బావివాళ్లు ఒక కోడెదున్నను ఇస్తామన్నారట. ఎనిమిది రోజుల్లో తోలుకొస్తారు. దీపాల కింద పండే మేత ఒక్క దున్నకే సరిపోతుంది. కాబట్టి అది రావడానికి ముందే సర్పంచ్‌ను కోసి ఇంటింటికీ పంచాలి.

కొమురవ్వ సభలో నుంచి లేచింది. పోయి వాడి మెడ కింద గోకుతూ నిలబడింది.

పొద్దు 277. పగలు 11 గంటల 34 నిమిషాలు.

ఇవాళ కొట్టం మధ్యలో నిలబడి చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

కొట్టంలో నడుమ పాతకాలం తవ్వకందారులు వదిలిన బొగ్గు స్తంభం ఒకటుంది, ఇల్లంత మందం. మచ్చల గేదెను కట్టేది దాని వెనక. గూటి నుంచి చూస్తే అది కనపడదు. తక్కిన ముప్పై గేదెలూ గూటికి ముఖం పెట్టి ఉంటాయి. సర్పంచ్ కట్టుకొయ్య గూటికి సరిగ్గా ఎదురు, ఆరడుగుల దూరం. అందరికంటే ఎక్కువ వెలుతురు వాడి కళ్లల్లోనే పడింది. మగ జీవికైనా చీకటి రసమే కదా లోపలి పని మొదలుపెట్టేది. వాడికి ఇంకా ఎండాకాలమే నడుస్తోంది.

దీపాలన్నీ ఆర్పి, మీటరు తీసి, వాడి కంటి దగ్గర పెట్టాను. చాలు. చీకటి రసం ఆగిపోవడానికి అంత వెలుతురు చాలు. భాగ్య టార్చి అయిదు నిమిషాలు. నా జొన్నగింజ డెబ్బై రెండు రాత్రులు.

బల్బు పీకి జేబులో వేసుకున్నాను. సుగుణకు దీపం పెట్టాను అనుకున్నాను, ఆవిడ రోజూ గోనెసంచి కుక్కి కాపాడిన చీకటినే పాడు చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా బయటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఇక ఆరిపోయిందిగా, వాటంతటవే సర్దుకుంటాయిగా అని ఇంటికి పోయి పడుకున్నాను. ఆ ఆలోచన రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

పొద్దు 280. పగలు 11 గంటల 30 నిమిషాలు.

వాటంతటవే సర్దుకుంటాయి, నిజమే. కానీ ఒంటికి ఋతువు మారిందని నమ్మకం కుదరడానికి నలభై, యాభై రాత్రులు పడుతుంది. సర్పంచ్‌కు మిగిలింది నాలుగు.

రాజేశం దగ్గరికి పోయి యాభై రోజులు గడువు అడిగాను. "ఎందుకు?" అన్నాడు. ఆ ఒక్క మాటకు జవాబు చెప్పేస్తే అయిపోయేది. నోరు తెరిచాను. "మేతలో ఏదో లోపం ఉన్నట్టుంది, తౌడు మార్చి చూద్దాం," అన్నాను.

సాయంత్రానికి కొమురవ్వను కొట్టం నుంచి తప్పించారు. మేత చూసేది ఆవిడే కదా. దున్నపోతును కొయ్యడం మాత్రం ఆగలేదు. ఎందుకంటే పాడైన మేత తిని వాడు పాడయ్యాడు కదా అన్నారు. వాడిని కాపాడబోయి ఆవిడను కూడా ముంచాను.

ఆవిడ తాళాల గుత్తి రాజేశం చేతిలో పెడుతూ అంది, "నలభై ఏండ్ల సంది నా చేతి మేత తిని ఒక్క బర్రె ఒట్టిపోలే. అయినా పుస్తకం చూసే ఓదెలే అన్నడంటే, నిజమే అయితది."

నేను అక్కడే ఉన్నాను. నాకు తల కొట్టేసినట్టయింది. తల వంచుకుని ఇంటికి వచ్చేశాను.

పొద్దు 283. పగలు 11 గంటల 25 నిమిషాలు.

పోయిన రెండు రోజులు ఏమీ రాయలేదు. అన్నం సహించలేదు. ఇవాళ మధ్యాహ్నం బావి నడుమ కత్తులు నూరుతున్న చప్పుడు విన్నాను. కొట్టం బయట కొమురవ్వ కూర్చుని ఉంది. ఇప్పుడు లోపలికి పోవడానికి ఆవిడకు అనుమతి లేదు. ఓరగా తీసిన తలుపులో నుంచి సర్పంచ్ మూతి బయటికి పెట్టి ఆవిడ చెయ్యి నాకుతున్నాడు. రేపు వాడిని కోస్తారు.

నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. "కూసో తమ్మీ. సుగుణ పోయినంక నువ్వు గూడ సగమైనవ్," అంది.

నా మీద జాలిపడింది! కూర్చోలేకపోయాను. నేరుగా పోయి గోడ పుస్తకం తీసుకుని సభ గంట కొట్టాను. మనుషులు పోగయ్యారు. రాజేశం ఏమైందని అడిగాడు. జేబులో నుంచి బల్బు తీసి పుస్తకం మీద పెట్టాను.

"డెబ్బై రెండు రాత్రులు ఇది కొట్టంలో వెలిగింది. పెట్టింది నేను. పుస్తకంలో డెబ్బై రెండు సున్నాలు అబద్ధం. దున్నపోతుకు ఏ రోగం లేదు. మేతలో ఏ లోపం లేదు. కొమురక్క తప్పు ఏమీ లేదు. అంతా నేనే," అన్నాను.

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికయ్యేది. రాజేశం బల్బును వేళ్లతో తిప్పి చూశాడు.

"గింతదా?" అన్నాడు.

"గంతే."

"పదకొండు దినాలకు అడిగితే మేమే ఏదన్న చేసేటోళ్లం గద ఓదెలూ. బర్రెల మొఖాలు అటు తిప్పి కట్టేటోళ్లం. అడగకపోతివి," అన్నాడు.

నిజమే. అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. అడగడమంటే, ఇతరుల రాత్రికి నేను పెట్టిన లెక్క నాకూ వర్తిస్తుందని ఒప్పుకోవడం. అది నాకు చేతకాలేదు.

తీర్పు అక్కడే అయింది. కొమురవ్వకు తాళాలు తిరిగి ఇచ్చారు. అయిదో బావివాళ్లకు ఆగమని కబురు పెట్టారు. పొద్దు 335 వరకు చూస్తారు. అప్పటికీ సర్పంచ్ మామూలు కాకపోతే కత్తి తప్పదు. దీపాల పని నా నుంచి తీసేశారు. ఎవరికివ్వాలి అన్నప్పుడు నేనే భాగ్య పేరు చెప్పాను. రాత్రి విలువ ఆమెకు తెలిసినంతగా ఇప్పుడు ఇంకెవరికీ తెలియదు. ఆమె నా వైపు చూడకుండానే పుస్తకం అందుకుంది.

పొద్దు 284. పగలు 11 గంటల 24 నిమిషాలు.

పగటి దీపాలు భాగ్య వెలిగించింది. మొదటి దినమే సమయానికి వెలిగించింది.

పద్ధతి ప్రకారం ముప్పై రెండు. అందరూ చూస్తుండగా మొదటి గేదె నుదుటి మీద చెయ్యి పెట్టాను. "నీ రాత్రి విరిచాను, తప్పయింది." పదో దానికి వచ్చేసరికి ఈ పద్ధతిని నేను ఎంత గర్వంగా పెట్టానో అని నాకే ఆశ్చర్యం వేసింది. గేదెలకు మాట అర్థం కాదు. చూసే మనుషులకు అర్థమవుతుంది, అది వాళ్ల కోసమే. భాగ్యను ఆ రోజు ఎంత చిన్నబుచ్చానో పదిహేడో గేదె దగ్గర తెలిసింది.

చివర సర్పంచ్. వాడు నా అరచెయ్యి నాకబోయాడు. వాడి ముందు మాట పూర్తి చెయ్యలేకపోయాను.

"మళ్ల అను," అంది కొమురవ్వ. కోపంగా అనలేదు. తప్పించుకోనివ్వనూ లేదు.

మళ్లీ అన్నాను. తర్వాత భాగ్య దగ్గరికి పోయి అదే మాట అనబోయాను. ఆమె ఆపింది. "నాది బర్రె నుదురు కాదు కాకా. నాకు ఊకనే చెప్పు, సాలు."

ఊరికే చెప్పాను. తప్పయింది భాగ్యా అన్నాను. తల ఊపి పనికి పోయింది.

పొద్దు 309. పగలు 10 గంటల 46 నిమిషాలు.

ఇప్పుడు నా పని పేడ ఎత్తడం. కొమురవ్వ చెప్పినట్టు చేస్తాను. సాయంత్రం తలుపు మూశాక సందులో గోనెసంచి కుక్కడం కూడా నాకే అప్పజెప్పింది. సుగుణ ఎలా కుక్కేదో అలా, ముందు ఒక మూల, తర్వాత మడమతో.

నేనొస్తే కొందరు మాట ఆపేస్తారు. పిల్లలు జొన్నగింజ అని పిలుస్తున్నారు. పిలవనీ, ఆ పేరు నేనే సంపాదించుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం నల్లదాని మెడ మీద చెయ్యి పెడితే బొచ్చు కాస్త దట్టంగా తగిలింది. భ్రమేమోనని ఎవరికీ చెప్పలేదు. కొమురవ్వ వెనకనే వచ్చి అదే చోట చెయ్యి పెట్టి చూసి పోయింది.

పొద్దు 324. పగలు 10 గంటల 24 నిమిషాలు.

మూడు గేదెలు ఎదకు వచ్చాయి. సర్పంచ్ వాసన చూశాడు, మూతి పైకెత్తి పళ్లు బయటపెట్టాడు, మళ్లీ గడ్డిలోకి పోయాడు. పోయినసారి కంటే ఒక మెట్టు నయం. ఇంకా పదకొండు రోజులు.

పదకొండు అని రాసి కాసేపు ఆగిపోయాను.

పొద్దు 330. పగలు 10 గంటల 15 నిమిషాలు.

తెల్లవారుజాము పాల వేళ, ఎర్ర దీపం కింద పేడ ఎత్తుతున్నాను. వెనక నుంచి రంకె వినపడింది. కొట్టం పైకప్పు నుంచి బొగ్గు పొడి రాలింది. పాలు పిండేవాళ్లు చెంబులు వదిలేసి నిలబడ్డారు. సర్పంచ్ కట్టుకొయ్యను పెకిలించి లాక్కుంటూ, ముందు ఎవరున్నారో చూడకుండా, నల్లదాని దగ్గరికి పోతున్నాడు. అందరం గోడకు అతుక్కుపోయి దారి ఇచ్చాం. ఇక ఈ జన్మలో వాడిని ఎవరూ ముసలోడు అనరు.

రాజేశం కూడా వచ్చి చూసి, నవ్వు ఆపుకుంటూ, అయిదో బావికి వద్దని కబురు పెట్టమన్నాడు. భాగ్య గోడ పుస్తకంలో పగలు ఎంతో రాసి, రాత్రి వెలుతురు గడిలో సున్నా వేసింది. వేసి, మీటరు చూపించింది నాకు. నేను అడగలేదు.

కొమురవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని నా చేతిలో నుంచి పార తీసుకుంది.

"నా కొడుకు దక్కిండు తమ్మీ. పో, సుగుణకు చెప్పిరా."

"ఎక్కడికి పోవాలక్కా?"

"యాడికేంది, ఆమె కూసున్న కాడికి. దీపం లేకుంటె ఇనపడదా ఏంది ఆమెకు?"

గూటి దగ్గరికి పోయాను. ఎర్ర దీపం అంతదూరం రాదు, చీకటిగా ఉంది. బల్బు కట్టిన మేకు ఇంకా అక్కడే ఉంది, చేతికి తగిలింది. తౌడు బస్తా పక్కన నిలబడి, ఆవిడ తల ఆనించిన చోట గోడ మీద అరచెయ్యి పెట్టాను. రాయి చల్లగా ఉంది. సర్పంచ్ బతికాడని చెప్పాను. గోనెసంచి నేనే కుక్కుతున్నానని చెప్పాను. ఇంకా ఏదో మిగిలిపోయినట్టనిపించి, చెయ్యి తియ్యకుండా, ముప్పై మూడోసారి అదే మాట అన్నాను.

"నీ రాత్రి విరిచాను సుగుణా, తప్పయింది."